నాలుగు భాగాలైన ఉప్పెన

2016 ఫిబ్రవరిలో నేను గుంటూరు జిల్లాలో ఆహార భద్రతా అధికారిగా ఉన్నాను. మిరప కోతలు మొదలై కారం మిల్లులు పగలంతా ఆడే కాలం. కారంలో తినకూడని ఎర్రరంగు కలుపుతున్నారని ఫిర్యాదు రావడంతో, అటెండరు కోటేశ్వరరావును వెంటబెట్టుకుని మస్తాన్ అనే ఆయన మిల్లుకు వెళ్లాను. కారం నమూనా తీశాక వెనకగదిలో రంగు పొట్లం దొరికింది.

"అది కారంలోకి కాదండీ, బొమ్మలోకి," అన్నాడు మస్తాన్.

విప్పి పరిచిన మిరపకాయల గోతాం మీద, పత్తిగింజల నూనెలో కలిపిన ఆ రంగుతో ఉప్పెన వేశాడు. అతనికి ఏడేళ్లప్పుడు సముద్రం తల్లిని తీసుకుపోయింది. తాటిచెట్టు పట్టుకుని తను మిగిలాడు. బొమ్మలో ఇద్దరూ ఉన్నారు. ఆ తర్వాత మేనమామ మిల్లులో కారం జల్లించడమే. బడి లేదు, ఆట లేదు.

"నీళ్లు ఎర్రగా ఉంటాయా?" అన్నాను.

"భయమేసి కళ్లు మూసుకున్నానండీ. లోపల అదే రంగు కనపడింది."

రంగు నిజంగా బొమ్మలోకే వెళ్లిందో లేదో తేలాలి కాబట్టి, బొమ్మకూ నమూనా తీస్తానన్నాను. అక్కడ ఆగవలసింది. మా తాతగారి నాటికి మాది పన్నెండు గ్రామాల జమీందారీ ఇల్లు. నా నాటికి అందులో మిగిలింది, అన్న మాట వెనక్కి తీసుకోకపోవడం ఒక్కటే.

నిబంధన ప్రకారం నమూనాను నాలుగు సమాన భాగాలు చేసి, దారం కట్టి, లక్కముద్ర వేయాలి. ఒకటి పరీక్షకు వెళ్తుంది. మిగిలినవి భద్రపరచాలి. నేను కత్తెర అడిగాను.

"సార్, బొమ్మని కూడానా?" అన్నాడు కోటేశ్వరరావు.

"అమ్మనీ నన్నూ ఒకే ముక్కలో ఉంచండి సార్. ఒకసారి విడిపోయాం, చాలు," అన్నాడు మస్తాన్.

మధ్యగీత సరిగ్గా ఇద్దరి మధ్య నుంచే వెళ్లింది. ముక్కలను మిల్లు కాటాలో వేస్తే తల్లి ఉన్నది తక్కువ తూగింది.

"మొహం గుర్తులేక రంగు వెయ్యలేదండీ. అందుకే తేలిక," అన్నాడు.

తూకం సరిచేయడానికి పక్క ముక్క అంచు కత్తిరించి అందులో కలిపాము. ఆ అంచులో చెట్టును పట్టుకున్న పిల్లవాడి చెయ్యి ఉంది.

"పోన్లెండి, చెయ్యన్నా అమ్మ దగ్గరికెళ్లింది," అని మస్తాన్ పంచనామా మీద సంతకం పెట్టాడు.

నివేదికలు వచ్చాయి. కారంలో రంగు లేదు. బొమ్మ గురించి 'మానవ ఆహారానికి పనికిరాదు' అని రాశారు. ఫిర్యాదు మూసివేశాము. మస్తాన్ ఆఫీసుకు వచ్చి మూడు ముక్కలు తీసుకున్నాడు. నాలుగోది ఏదని అడిగాడు. వరసలో మొదటిదని తల్లి ఉన్న ముక్కనే పరీక్షకు పంపాము, అక్కడ ద్రావకంలో కరిగించేశారని చెప్పాను.

"చెయ్యి కూడానాండీ?"

"చెయ్యి కూడా."

నమూనా తీసేముందు అది ఆహారమో కాదో తేల్చుకోవాలి. చట్టంలో నిర్వచనాలు మొదట్లోనే ఉంటాయి. నేను కత్తెర దగ్గర మొదలుపెట్టాను. తప్పు నాదేనని తర్వాత కొత్త అధికారుల శిక్షణలో ఏటా చెప్పాను. మస్తాన్‌కు చెప్పలేదు.