వీరేశు గేటు కార్డు

మా వీరేశు హైదరాబాదులో ఒక పెద్ద విమానాల కంపెనీలో, రాకెట్లకు, క్షిపణులకు భాగాలు చేసే చోట పనిచేసేవాడు. మూడు నెలల కిందట ఆ పనిలోనే ప్రాణం పోయింది. ఎట్లా పోయిందో కంపెనీవాళ్ళు ఇంతవరకు చెప్పలేదు.

ఈ రోజు ఆ కంపెనీ మనిషి ఎమ్మిగనూరులో మా ఇంటికి వచ్చాడు. నేను మగ్గం గుంతలో కూర్చొని నేస్తున్నాను. వీరేశు బట్టలతో పాటు పొరపాటున మా ఇంటికి వచ్చిన గేటు కార్డు తిరిగి ఇమ్మన్నాడు.

"ఇస్తాలేప్పా. నా కొడుకు ఎట్ల సచ్చినాడో ముందు సెప్పు" అన్నాను.

"అది దేశ రక్షణ పని అమ్మా. లోపలి విషయాలు బయటికి చెప్పకూడదు."

ఒళ్ళు మండిపోయింది.

"కన్నతల్లికి సెప్తే దేశం మునిగిపోతాదా? మగ్గం మింద ఒక్క పోగు తెగినా, యాడ తెగిందో ఎతికి ముడేసినాకనే నేను మళ్ళా నేస్తాను. ఈడ తెగింది నా బిడ్డప్పా!"

"కార్డు బయట ఉంటే ప్రమాదం అమ్మా" అన్నాడు తల వంచుకొని.

నా కొడుకు లోపల ఉన్నప్పుడు ఏమైందయ్యా ఈ జాగ్రత్త?

కార్డు ఇవ్వలేదు. మగ్గం గుంజకు తగిలించాను. అందులోని ఫోటోలో వీరేశు నవ్వుతున్నాడు. నిజం చెప్పిన రోజు ఇస్తాను. నాది తప్పంటారా? మీరే చెప్పండి.