బ్రూనో కాలికి నా సాక్సు

మా అపార్ట్‌మెంట్ కింద నెలకోసారి ఒక వ్యాను ఆగుతుంది. అందులో కుక్కలకు స్నానం చేయిస్తారు, బొచ్చు కత్తిరిస్తారు, గిర్రున తిరిగే చిన్న మిషనుతో గోర్లు అరగదీస్తారు. అప్పుడు లేచే వాసన, కొమ్ము కాలినట్టు, వెంట్రుక మాడినట్టు ఉండే ఆ వాసన, మూడో అంతస్తులోని మా బాల్కనీ దాకా వస్తుంది. మిగతావాళ్ళు కిటికీలు మూసుకుంటారు. నాకు మాత్రం మా ఊరు కనకమామిడి, పదేళ్ళ వయసు, ఒక కుక్క మీద కుళ్ళు, మూడూ ఒకేసారి గుర్తుకొస్తాయి.

ఆ కుక్క పేరు బ్రూనో. మాదాపూర్‌లో కంపెనీలు ఒకదాని పక్కన ఒకటి లేస్తున్న కాలమది. అక్కడ పనిచేసే ఒక సారు మా టమాటా చేను కొని, చుట్టూ గోడ కట్టి, లోపల మెత్తటి గడ్డి పరిచి, మధ్యలో ఇల్లు లేపి, దానికి మా బాపునే కాపలా పెట్టుకున్నాడు. బాపు పొద్దున లేచి వెళ్ళే దారి మారలేదు, వెళ్ళాక చేసే పని మారింది, అంతే. మా ఊరి కుక్కలకు గోర్లు తీసే అవసరం ఎప్పుడూ రాలేదు. మొయినాబాద్ బస్సుల వెంట పడి అవే అరగదీసుకునేవి. గడ్డి మీద పెరిగే బ్రూనోకు ఆ సౌకర్యం లేదు. అందుకని సారు పరాయి దేశం నుంచి పెన్ను కంటే కాస్త దొడ్డుగా ఉండే ఒక మిషను తెచ్చాడు. తెచ్చాడు గానీ, అది తిరుగుతుంటే కుక్క కంటే సారుకే ఎక్కువ భయం. రెండో వారానికల్లా మిషను బాపు చేతికి వచ్చింది.

ఆదివారం పొద్దున, పక్క తోటలో గులాబీలు కోసి గంపలకెత్తే వేళకు, వరండా మెట్ల మీద ఆ కార్యక్రమం మొదలయ్యేది. ముందు బాపు మిషనును ఊరికే చూపించి బ్రూనోకు ఒక బిస్కెట్ పెట్టాడు. తర్వాత దూరంగా తిప్పి, చప్పుడు వినిపించి ఒకటి పెట్టాడు. ఆ తర్వాత ఒక్క గోరుకు తాకించి ఇంకొకటి. మా ఇంట్లో బిస్కెట్లు చుట్టాలు వస్తేనే, మలీద ముద్దలు బతుకమ్మకే. బ్రూనోకు గోరుకొక పండుగ. దాని పాదాన్ని ఎడమ అరచేతిలో గువ్వపిల్లలా పెట్టుకుని, వేళ్ళు విడదీసి, వేడెక్కకుండా మిషనును ఇట్లా ఆనించి అట్లా తీసేవాడు. గోరు మధ్యలో నల్లచుక్క కనబడితే, దాని వెనకే నెత్తురుంటుందని ఆపేసేవాడు. అంతసేపూ ఒకటే మాట: "అయిపాయె బిడ్డా, ఒక్కటే, అయిపాయె."

నా గోర్లు బాపు గడ్డం గీసుకున్నాక మిగిలిన సగం బ్లేడుతో తీసేవాడు. కలుపు పీకినట్టు చెయ్యి లాక్కుని, బీడీ ఆరేలోపు పది వేళ్ళూ ముగించేవాడు. నన్ను పిలిచే మాట "ఓ పోరీ". అందులో తప్పేమీ లేదు. బ్రూనో రాకముందు నాకూ తప్పనిపించలేదు.

మా అవ్వ ఒకసారి వచ్చి చూసి, తీసిన గోర్లేవని అడిగింది. పొడి అయి గాలిలో కలిశాయంటే, ఇంట్లో గోరు పడితే దరిద్రం పట్టుకుంటుందని సారు గురించి చాలా దిగులు పడింది. ఆ ఏడే సారు రెండో అంతస్తు వేయించాడు.

దిగులు పడాల్సింది నా గురించి. బ్రూనో వేళ్ళ మధ్య బొచ్చు మిషనుకు చుట్టుకుంటున్నదని, ఒక ఆదివారం బాపు నా బడి సాక్సు తెచ్చి, దాని కాలికి తొడిగి, గోర్లను మాత్రం చిల్లుల్లోంచి బయటికి లాగాడు. చిల్లులు చెయ్యాల్సిన శ్రమ పడలేదు, నేను అప్పటికే చేసిపెట్టాను. సోమవారం ఒక కాలికి తెల్లది, ఒక కాలికి నీలంది వేసుకుని బడికి పోయాను.

ఆ వారం నుంచి నేను గోర్లు తీయించుకోవడం మానేశాను. బాపు బ్లేడు అందుకుంటే మక్కచేన్లోకి మాయమయ్యేదాన్ని. మూడు సోమవారాలు ప్రార్థన దగ్గర టీచరమ్మ చేతి స్కేలు దెబ్బలు తిన్నాను. పెద్ద పనులకు ఇట్లాంటివి తప్పవు.

నాలుగో ఆదివారం, బ్రూనో మూడు కాళ్ళు అయ్యాక, దాని పక్కనే కూర్చుని, నాలుగో కాలికంటే ముందు నా చెయ్యి చాపాను. బాపు చూపు మిషను మీదే ఉంది. అలవాటుగా నా చేతిని అరచేతిలోకి తీసుకుని, "అయిపాయె బిడ్డా," అన్నాడు. అప్పుడు చూశాడు.

మిషను ఆగింది. చెయ్యి మాత్రం వదలలేదు. గోర్లు చూశాడు, వాటి కింది మట్టి చూశాడు, కణుపుల మీద ఇంకా మానని గీతలు చూశాడు.

"ఎవలు కొట్టిన్రే?"

"టీచరమ్మ. గోర్లు పెరిగినయని."

"మరి నాకెందుకు చెప్పవైతివి?"

"బ్లేడు వద్దు బాపు. దానికి తీసినట్టు తియ్యి."

బాపు మిషను కొసన ఉన్న గరుకు కాగితం చుట్ట తీసేసి కొత్తది ఎక్కించి, ముందు తన బొటనవేలి మీద చూసుకుని, తర్వాత నా వేళ్ళు ఒక్కొక్కటే పట్టుకున్నాడు. పది వేళ్ళకూ పదిసార్లు "అయిపాయె" అన్నాడు. బిడ్డా అని మాత్రం అనలేదు. వింటున్నది నేనని తెలిశాక ఆ మాట నోటిదాకా రాలేదు కాబోలు. చివరి వేలు కాగానే, బాపు చెయ్యి దానంతటదే బ్రూనో డబ్బాలోకి పోయి, నా అరచేతిలో ఒక బిస్కెట్ పెట్టింది. ఇద్దరం దాన్ని చూశాం. నేను తినేశాను. ఉప్పు తక్కువ. బ్రూనో నాలుగో కాలు సగం లేపి నన్నే చూస్తూ కూర్చుంది. ఆ ఒక్క ఆదివారం కుళ్ళు దానిది.

ఇప్పుడు బ్రూనో లేదు. సారు ఆ ఇల్లు అమ్మేశాడు. గులాబీ తోటా, మక్కచేనూ, మా పాత టమాటా చేనూ కలిసి ఒకే గేటు వెనక వరుస ఇళ్ళయ్యాయి. బాపు మా దగ్గరే ఉంటున్నాడు. వ్యాను వచ్చిన రోజు మాత్రం ఎవరూ పిలవకపోయినా కిందికి దిగి, అందులో పనిచేసే అమ్మాయికి పని నేర్పుతుంటాడు. ఇవాళ బాల్కనీలోకి వాసనతో పాటు గొంతు కూడా వచ్చింది.

"గట్టిగ పట్టకమ్మా, అరచేతిల పెట్టుకో. అయిపాయె బిడ్డా, ఒక్కటే."

ఆ చివరి మాట ఆ అమ్మాయితో అన్నది కాదు. ఆ కుక్క ఎవరిదో నాకు తెలియదు, అది నాకు చేసిన అపకారమూ లేదు. నాకు ముప్పై దాటాయి, ఇద్దరు పిల్లలు.

గోర్లు చూసుకున్నాను. కాస్త పెరిగే ఉన్నాయి. చెప్పులేసుకుని కిందికి దిగాను.