కర్నల్ ముక్కు, ప్లూవాస్ పెన్సిలు

“ఈ ముక్కు ఎవరిది?”

మా గువాయాకిల్‌లో సైనికులు రాజ్యం చేస్తున్న రోజులవి. జనవరి మూడో తేదీ ఉదయం నగరాన్ని ఏలుతున్న కర్నల్ ఈ ప్రశ్న అడిగాడు. బల్ల మీద సగం కాలిన అట్ట తల ఒకటి ఉంది. ఎదురుగా నిలబడ్డది ఎలిసెయో ప్లూవాస్, ‘లా రియా’ పత్రిక మొదటి పేజీ అడుగున పంతొమ్మిదేళ్లుగా కార్టూన్ వేస్తున్నవాడు.

ఏడాది చివరి రోజున మేం పాత పేపర్లు అంటించి మనుషుల బొమ్మలు చేసి, రంపపుపొట్టు కూరి వీధిలో తగలబెడతాం. ఆ ఏడు ఎవరు విసిగించారో వాళ్ల బొమ్మలు. చేసేవాళ్లకి ముఖాలు సొంతంగా ఊహించే ఓపిక ఉండదు. పేపర్లోని కార్టూన్ కత్తిరించి, గోడకి గుచ్చి, చూసి చేస్తారు. గడిచిన ఏడంతా ప్లూవాస్ వేసింది నీళ్ల పన్ను వసూలు చేసే పేరు లేని మనిషిని. బొమ్మలవాళ్లు వాడినే రెండు వందలు చేశారు. పాత సరుకులో సైనికుల అట్ట టోపీలు మిగిలిపోయి ఉంటే పారెయ్యడమెందుకని వాటిని వాడి నెత్తిన పెట్టారు. టోపీ కింద ఆ ముక్కు కాస్తా కర్నల్‌ది అయిపోయింది.

“ఎవరిదీ కాదండీ. పన్నువాడిది.”

“అలాగా. అయితే నాది ఎలా ఉంటుందో జనానికి తెలియాలిగా,” అన్నాడు కర్నల్. “ప్రతి ఆదివారం నన్ను వెయ్యి. బాగా వెయ్యి.”

కార్టూనిస్టులకి భయం ఉండదని సభల్లో చెబుతుంటారు. ప్లూవాస్‌కి భయం ఉంది. వెయ్యనంటే పత్రిక మూస్తారు, నలభైమంది అచ్చు పనివాళ్లు వీధిన పడతారు. కాదనాల్సింది అని తర్వాత అన్నవాళ్లెవరికీ ఆ పత్రికలో జీతం లేదు.

ఆదివారం ఆదివారం కర్నల్ బొమ్మ వచ్చింది. వంతెన మీద కర్నల్, బడిపిల్లల మధ్య కర్నల్. శుక్రవారాల్లో సహాయాధికారి వచ్చి ముక్కుని బొటనవేలితో కొలిచి చూసుకునేవాడు. ప్లూవాస్ కొంటెతనం మానలేదు. ఒకసారి ఆ ముక్కుని శనగగింజంత చేశాడు. కర్నల్ దానికి పటం కట్టించుకున్నాడు. ఇంకోసారి పొట్టిమనిషికి చెట్టంత నీడ వేశాడు. రెండో ప్రతి కావాలని కబురొచ్చింది. ఎంత వెక్కిరిస్తే అంత మురిసిపోయేవాడితో ఏం చేస్తాం?

పోయింది మాత్రం ఊళ్లో పరువు. పొద్దున్నే ఉల్లిపాయల చేపచారు అమ్మే నికనోర్ ఒకప్పుడు ఆయన కార్టూన్‌ని గిరాకీలందరికీ చదివి వినిపించేవాడు.

“ఏం మాస్టారూ, ఈ వారం కర్నల్ గారి బుగ్గలు నున్నగా వచ్చాయి. గడ్డం మీరే గీశారా?” అన్నాడు.

ప్లూవాస్ చారు సగంలో వదిలేసి లేచాడు. మళ్లీ అటు వెళ్లలేదు. కాని పెన్సిలు వదిలితే బతుకు లేదు, పట్టుకుంటే వెయ్యాల్సింది ఆ ముఖమే.

రెండో డిసెంబరులో బొమ్మలు చేసే జోయిలా కొట్టు ముందు ఆగిపోయాడు. గోడకి గుచ్చింది కార్టూన్ కాదు, ఫోటో.

“ఇది నేను కదూ?”

“మీరే మాస్టారూ. ముప్పై నాలుగు ఆర్డర్లు వచ్చాయి. చెవి కుదిరి చావడం లేదు, కాస్త అటు తిరగండి.”

“వెయ్యనంటే నన్నేం చేస్తారో తెలుసా నీకు?”

“తెలుసు. కొనేవాళ్లకీ తెలుసు. అందరి కోపమూ కర్నల్ మీదే. ఆయన్ని చేస్తే నన్ను ఈడ్చుకుపోతారు. మిమ్మల్ని చేస్తే అడిగే దిక్కెవరు?”

ప్లూవాస్ స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

“చెవి కాదు తప్పు, దవడ. కాగితం ఇలా ఇవ్వు.”

తనని తాను గీసుకున్నాడు. జారిన దవడ, వంగిన మెడ, చేతిలో అద్దంలా మెరిసే బూటు, దాన్ని తుడుస్తున్న పెన్సిలు. జోయిలా చూసి నవ్వలేదు.

“ఇలా చేస్తే ముప్పై నాలుగు చాలవు మాస్టారూ,” అంది.

తొంభై అమ్ముడయ్యాయి. ఒకటి ఆయన వీధి చివరే కాలింది. ఆయన కిటికీ తెరిచే ఉంచాడు.

మార్చిలో కర్నల్‌కి బదిలీ అయింది. ఇక ఆపమని ఎవరూ చెప్పలేదు కాబట్టి ప్లూవాస్ ఆ తర్వాతా రెండు ఆదివారాలు వేశాడు. మొత్తం నూట పదిహేను బొమ్మలు. ఒక్కోదానికి అరవై సుక్రేలు ఇస్తామని కర్నల్ కార్యాలయం కాగితం రాసిచ్చింది. ఆరువేల తొమ్మిది వందల సుక్రేలు ఇంతవరకూ రాలేదు.