టైరు కింద రాయి

ఆదివారం. పొద్దున్నుంచీ ముసురు. మధ్యాహ్నం కాస్త తెరిపివ్వగానే వెనక షెడ్డు ఊడ్చడం మొదలుపెట్టాను. మూల తడిసిన గోనెల కింద మా కారు రాయి కనబడింది. ఒక పక్క ఇంకా టైరు నలుపు ఉంది.

మన ఊళ్ళో మన ఈడువాళ్ళకు నాన్న పాత చిన్న కారు గుర్తుండే ఉంటుంది. సగం రోజులు వెనక నుంచి తోసింది మీరే కదా. లీటరు పెట్రోలు పోస్తే భీమవరం వెళ్ళి వచ్చేది. మలుపు తిరిగితే హారన్ దానంతటదే మోగేది. స్టార్టరు మాత్రం పనిచేసేది కాదు. అందుకే నాన్న దాన్ని ఎప్పుడూ కాలువగట్టు వాలులో ఆపేవారు. టైరు కింద రాయి తీయడం నా పని. తీయగానే జారి, సగం వాలులో ఇంజను దగ్గి అందుకునేది.

"ఏరా, ఇవాళ అది మిమ్మల్ని మోస్తుందా, మీరే దాన్ని మోస్తారా?" అని గట్టు మీదవాళ్ళు నవ్వేవారు.

రొయ్యలకు జబ్బొచ్చి చెరువంతా పోయిన ఏడాది నాన్న కారు అమ్మేశారు. కొన్నాయన జంగారెడ్డిగూడెం నుంచి వచ్చారు.

"స్టార్టరు లేదండి," అన్నారు నాన్న.

"ఏం పర్లేదండి, మావైపంతా ఎత్తుపల్లాలే. ఇది అక్కడే పుట్టాల్సిందండి," అంటూ ఆయన స్టీరింగు ముందు కూర్చున్నారు.

నేను రాయి మీద చెయ్యి వేసి కదలకుండా ఉండిపోయాను.

"తియ్యరా," అన్నారు నాన్న. మళ్ళీ, "తియ్యి నాన్నా," అన్నారు.

తీశాను. వాలు దిగకముందే స్టార్టయిపోయింది. మా దగ్గర ఒక్కనాడూ అంత త్వరగా అందుకోలేదు. వంతెన మలుపులో హారన్ మోగింది. నాన్న చెయ్యెత్తబోయి ఆగిపోయారు.

మళ్ళీ చినుకులు మొదలయ్యాయి. షెడ్డు ఊడ్చాను. గోనెలు దులిపి మడతపెట్టాను. బయట పారేద్దామని చేతిలోకి తీసుకున్న రాయిని గుమ్మం దాకా తెచ్చి, మళ్ళీ ఆ మూలనే పెట్టాను.