దండం బొమ్మ

సియాటెల్ పక్కన మా బాతెల్ ఊరి తెలుగు వాట్సాప్ గ్రూపుకి అడ్మిన్‌ని నేనే. ఇప్పుడు ఈ మాట చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ ఆ జూలై వరకూ గొప్పగానే చెప్పుకునేదాన్ని. కరివేపాకు మొక్కలు, పాత సోఫాలు, ఎయిర్‌పోర్ట్ రైడ్‌లు, పిల్లల కూచిపూడి క్లాసులు, వీసా స్టాంపింగ్ సందేహాలు, అన్నీ అందులోనే. పొద్దున లేచేసరికి గులాబీ పువ్వుల మీద సుభాషితాలు రాసిన బొమ్మలు గుట్టగా వచ్చి పడి ఉండేవి. వాటిని చూసి విసుక్కుంటూనే, ఇంతమందిని ఒకచోట చేర్చింది నేనే కదా అని లోలోపల మురిసిపోయేదాన్ని.

ఆఫీస్‌లో నా పక్క సీటు అమ్మాయిది ఢాకా. నాకంటే పదేళ్ళు చిన్నది. నన్ను దీదీ అనేది. మేము మాట్లాడుకునేది ఇంగ్లీషులోనే, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. వాళ్ళమ్మగారు ఆ వేసవికి కూతురి దగ్గరికి వచ్చి ఉన్నారు. తమ్ముడు మాత్రం ఢాకాలో, యూనివర్సిటీ హాస్టల్‌లో ఉండిపోయాడు.

ఉద్యోగాల రిజర్వేషన్ల మీద అక్కడి విద్యార్థులు రోడ్డెక్కారు. కాల్పులు జరిగాయి. ఆ తర్వాత అక్కడి ప్రభుత్వం దేశమంతటా ఇంటర్నెట్ ఆపేసింది. మా టీమ్ పని ఏమిటంటే, మా కంపెనీ యాప్ ఏ దేశంలో ఎలా నడుస్తోందో తెర మీద గీతలు చూస్తూ కూర్చోవడం. బంగ్లాదేశ్ గీత నేలకి అంటుకుపోయి, పక్కన ఎర్ర దీపం వెలుగుతూ ఉంది. పొద్దుటి మీటింగ్‌లో మేనేజర్ దాన్ని చూశాడు.

"అది మన బగ్ కాదు. అలర్ట్ మ్యూట్ చేసేయండి" అన్నాడు.

మ్యూట్ చేసింది నేనే. ఆ అమ్మాయి నా పక్కనే కూర్చుని ఉంది. మా యాప్ ఐదు నిమిషాలు ఆగితే కస్టమర్లకి క్షమాపణ ఉత్తరాలు రాసే మనుషులం. ఒక దేశానికి దేశం నోరు నొక్కేస్తే, ఆ ఎర్ర దీపం కళ్ళకి ఇబ్బందిగా ఉందని ఆర్పేశాం. అప్పుడు నాకేమీ అనిపించలేదు. ఈ రోజు రాస్తుంటే మ్యూట్ నొక్కిన ఆ వేలి మీద నాకే అసహ్యం వేస్తోంది.

ఆ అమ్మాయి లంచ్ కూడా మానేసి ఒక పట్టీ తయారుచేసింది. ఎవరైనా తెరిచి రాయగలిగే ఆన్‌లైన్ పట్టీ. ఇంటర్నెట్ లేకపోయినా అక్కడ లాండ్‌లైన్లు అప్పుడప్పుడు పలుకుతున్నాయి. ఇరవైసార్లు డయల్ చేస్తే ఒకసారి తగిలేది. అలా తగిలిన వాళ్ళు తమ ఇంటివాళ్ళ క్షేమం కనుక్కుని ఊరుకోకుండా, ఆ వీధిలో ఇంకెవరి కబురు కావాలో కూడా చెప్పాలి. అక్కడివాళ్ళు నడిచి వెళ్ళి తలుపు కొట్టి చూసి రావాలి. మళ్ళీ లైను తగిలినప్పుడు ఆ కబురు ఇక్కడివాళ్ళు పట్టీలో ఎక్కించాలి. రెండు రోజుల్లో సియాటెల్ నుంచి న్యూజెర్సీ దాకా వాళ్ళ మనుషులంతా ఆ పట్టీ చుట్టూ చేరిపోయారు. ఒకరి మొహం ఒకరికి తెలియదు.

ఆమె పెట్టిన నియమం ఒక్కటే. చెవులారా విన్నదే రాయాలి. ఎవరు చూశారు, ఎవరు చెప్పారు, ఏ టైమ్‌కి, ఈ మూడు గడులూ నిండకపోతే ఆ వరస చెరిపేసేది. ఫార్వర్డ్‌లు వద్దు, ఫొటోలు వద్దు, బొమ్మలు వద్దు. "పెదనాన్న. పక్కింటాయన చూశాడు. అన్నం తిన్నాడు." ఇలా ఉండేవి ఆ కబుర్లు. వాటిని చదువుతుంటే మా గ్రూపు గుర్తొచ్చి కొంచెం ఇబ్బందిగానే అనిపించేది.

పట్టీలో మొదటి వరస వాళ్ళ తమ్ముడిది. అది ఖాళీగానే ఉంది. హాస్టల్ ఖాళీ చేయించారు. కుర్రాడు ఎటు వెళ్ళాడో తెలియదు. మొబైల్ పలకడం లేదు. అలా మూడు రోజులు. పక్కవాళ్ళ గడులు ఒక్కొక్కటీ నిండుతుంటే, ఈ పిల్ల తన గడి వంక చూడకుండా కిందికి జారిపోతూ మిగతావాళ్ళ నంబర్లు డయల్ చేసేది.

అప్పుడు నా బుర్రలో వెలిగింది. మనవాళ్ళ పిల్లలు చాలామంది అక్కడ డాక్టర్ చదువుతున్నారు. మా గ్రూపులో ఎవరో ఒకరి మేనకోడలో, బావగారి అబ్బాయో ఢాకాలో ఉండకపోరు. వాళ్ళ హాస్టల్ లాండ్‌లైన్ నంబర్ దొరికితే చాలు. "మా గ్రూపులో అడుగుతాను, ఫొటో ఇవ్వు" అన్నాను. సాయం చేస్తున్నానన్న ఉత్సాహంలో నా గొంతు కాస్త పెద్దదే అయి ఉంటుంది.

ఆమె కాసేపు ఆలోచించి, మొహం స్పష్టంగా కనబడాలని పాస్‌పోర్ట్ సైజు ఫొటో పంపింది. తెల్ల చొక్కా, నవ్వు లేని మొహం. "దీదీ, ఎవరేం చెప్పినా ఎవరి నోట విన్నారో అడగండి" అంది.

అక్కడే నేను ఘనకార్యం చేశాను. ఫొటో పెట్టి, దాని కింద మొట్టమొదట మూడు దండం బొమ్మలు కొట్టాను. దయచేసి అని నా ఉద్దేశం. మీకు దండం పెడతాను, కాస్త కనుక్కోండి అంటాం కదా, ఆ దండం. ఆ తర్వాత పది లైన్ల మ్యాటర్ రాశాను. పది లైన్లు ఎవరి ఫోన్‌లోనూ పూర్తిగా కనబడవు. కనబడేది నవ్వు లేని ఒక కుర్రాడి ఫొటో, కింద జోడించిన చేతులు. అది పంపేసి గంటసేపు మీటింగ్‌కి వెళ్ళాను.

మా గ్రూపులో ఈ మధ్య అలాంటి ఫొటో వచ్చిందంటే ఒకటే అర్థం. ఎక్కడో హైవే మీదో, చెరువులోనో మన పిల్లవాడు ఇంకొకడు పోయాడని. నేను తిరిగి వచ్చి చూసేసరికి, మా పిల్లలంతా అంకుల్ అని పిలిచే పెద్దాయన మొదలుపెట్టారు, "ఓం శాంతి" అని. ఇక ఆయన వెనకే వరసగా ఓం శాంతి, ఓం శాంతి, దండాలు. చర్చికి వెళ్ళే ఆంటీ ఒకావిడ "ప్రభువు ఆ కుటుంబాన్ని ఆదరించును గాక" అని రాసింది. ఒకాయన "ఏ వీసా? బాడీ ఇండియా పంపించడానికి నాకు తెలిసినవాళ్ళు ఉన్నారు" అన్నాడు. ఆయన మంచివాడే. ఎవరూ చెడ్డవాళ్ళు కాదు. చదవలేదు, అంతే.

చదివినవాళ్ళు ఇద్దరు తేలారు. ఒకడు "బంగ్లాదేశ్ అట" అని పెట్టాడు. రెండోవాడు "అయితే మనకెందుకు ఈ గోల? అక్కడ మనవాళ్ళని ఏం చేస్తున్నారో చూడట్లేదా" అన్నాడు. ఆ మాటకి తొమ్మిది బొటనవేళ్ళు లేచాయి. ఆ తొమ్మిదిమందిలో నలుగురు అంతకుముందే ఓం శాంతి పెట్టినవాళ్ళు. వీళ్ళ పిల్లల పుట్టినరోజులకి నేను కేకులు మోసుకెళ్ళాను.

"అబ్బాయి చనిపోలేదు, కింద పూర్తిగా చదవండి" అని పెట్టాను. దాని కింద ఇంకో ఐదు ఓం శాంతులు వచ్చాయి. విసుగెత్తి నా పోస్ట్ డిలీట్ చేసేశాను. ఓం శాంతులు అలాగే మిగిలాయి. ఢాకా లాండ్‌లైన్ నంబర్ ఒక్కడూ ఇవ్వలేదు.

డిలీట్ చేసేలోపే ఒకావిడ దాన్ని స్క్రీన్‌షాట్ తీసింది. వాళ్ళబ్బాయి క్లాసులో బంగ్లాదేశీ పిల్లలు ఉన్నారట, పాపం అనిపించి స్కూల్ పేరెంట్స్ గ్రూపులో పెట్టిందట. అక్కడి నుంచి అది ఎన్ని చేతులు మారిందో గానీ, ఆ సాయంత్రానికి ఢాకా అమ్మాయి వాళ్ళమ్మగారి ఫోన్‌లో పడింది. తెలుగు ఆవిడకి రాదు. కొడుకు ఫొటో, దాని కింద వరసగా జోడించిన చేతులు, మధ్యలో ఎవరో ఇంగ్లీషులో రాసిన ఆర్ఐపీ అన్న మూడక్షరాలు. ఆవిడకి అది చాలు.

మర్నాడు పొద్దున ఆ అమ్మాయి నా సీటు దగ్గరికి వచ్చి నిలబడింది. ఆమె గొంతులో కోపం లేదు.

"రాత్రంతా వెనక్కి వెతుక్కుంటూ వెళ్ళాను దీదీ. నీకెవరు చెప్పారు, నీకెవరు చెప్పారు అని ఒక్కొక్కళ్ళనీ అడిగాను. చెప్పినవారు అన్న గడిలో చివరికి మీ పేరు వచ్చింది."

నేను కుర్చీలోంచి లేచాను.

"అమ్మ నమాజు చాప మీద నుంచి లేవట్లేదు. అది అబద్ధమని చెప్పాను, నమ్మట్లేదు. చెప్పినవాళ్ళే వచ్చి చెప్పాలంటోంది. మీరు వస్తారా?"

లంచ్ టైమ్‌లో నా కార్‌లోనే వెళ్ళాం. దారి పొడుగునా ఏం చెప్పాలో కూడబలుక్కున్నాను. చనిపోయాడన్న మాట అబద్ధం. బతికున్నాడన్న మాట కూడా నా దగ్గర లేదు. ఒక తల్లికి చెప్పవలసిన మాటేనా ఇది?

ఆవిడ నేల మీద కూర్చుని ఉన్నారు. నేను ఎదురుగా మోకాళ్ళ మీద కూలబడి, ఫోన్ తీసి నా పోస్ట్ ఎక్కడుండేదో చూపించాను. నేనే పెట్టానని, ఎవరూ చూడలేదని, ఎవరూ చెప్పలేదని, నాదే తప్పని ఇంగ్లీషులో అన్నాను. కూతురు బెంగాలీలో చెప్పింది. ఇంకేం చెయ్యాలో తెలియక, అలవాటు చొప్పున రెండు చేతులూ జోడించాను.

ఆవిడ నా చేతుల వంక చూశారు. ఫోన్ వంక చూశారు. మళ్ళీ నా చేతుల వంక చూశారు. ముందుకు వంగి నా రెండు చేతులూ పట్టుకుని విడదీసి, మెల్లగా ఏదో అన్నారు.

"వాడికి అప్పుడే అలా పెట్టొద్దంటోంది" అంది కూతురు.

ఇంకో రెండు రోజులకి మొదటి వరస నిండింది. తన గడి కాబట్టి తానే రాసుకోకూడదని, లైను తగిలిన న్యూజెర్సీ ఆయన చేతనే రాయించింది. "తమ్ముడు. స్నేహితుడి పిన్ని ఇంట్లో ఉన్నాడు. మందుల షాపాయన కళ్ళారా చూశాడు. కాలికి దెబ్బ. మాట్లాడాడు, అమ్మ ఏడుస్తోందా అని అడిగాడు." ఆమె ఆ వరస నాకు చూపించి, వెంటనే రెండో వరస నంబర్ డయల్ చేయడం మొదలుపెట్టింది. నేను బాత్రూమ్‌కి వెళ్ళి ఏడ్చాను.

తర్వాత మా గ్రూపు తెరిచి రాశాను. ఫొటో లేదు, బొమ్మలు లేవు. ఒకటే లైను. "మొన్న నేను అడిగిన ఢాకా అబ్బాయి క్షేమంగా ఉన్నాడు." ఫోన్ పట్టుకుని ఎదురుచూశాను. దాని పైన ఎవరో కరివేపాకు మొక్క అమ్ముతున్నారు. కాసేపటికి ఒక్క జవాబు వచ్చింది. మా పెద్దాయనే. ఓం శాంతి, రెండు దండాలు.

అది చూస్తుండగానే ఆ అమ్మాయి నా వైపు తిరిగింది. అన్ని రోజుల్లో ఆ మొహంలో నవ్వు చూడటం అదే మొదలు.

"దీదీ, మీ వాళ్ళకి చెప్పారా?"

"చెప్పాను."

"ఏమన్నారు?"

ఫోన్ బోర్లా పెట్టాను.

"చాలా సంతోషించారు" అన్నాను.

ఎవరి నోట విన్నారని ఆమె అడగలేదు. అన్ని రోజుల్లో ఆమె ఆ ప్రశ్న అడగకుండా నమ్మిన కబురు నాదొక్కటే.