కారు కింద తడి

దయ్యాలు, గాలి సోకడాలు, ఇవేవీ నా బుర్రకు ఎక్కవు. కార్లకు ఏసీలు బాగుచేసి బతికినవాణ్ణి. చల్లగాలి రాలేదంటే కారణం ఒకటుంటాది, వెతికితే దొరుకుతాది. ఇంతకాలం అట్లనే నమ్మినా. ఒక్క మధ్యాహ్నం సంగతి మాత్రం నాకు అంతుపట్టలేదు.

రెండువేల సంవత్సరం దాటినాక, మా పక్క ఏసీ కార్లు అప్పుడప్పుడే కనపడతాన్న రోజులవి. కళ్యాణదుర్గంలో రోడ్డు పక్కన నాకొక రేకుల షెడ్డు ఉండేది. బెళుగుప్పలో శెనక్కాయల వ్యాపారం చేసే రమణయ్య శెట్టి ఒకరోజు తన పాత కారు తెచ్చినాడు. వెంట భార్య సుజాతమ్మ, ఇంకా మాటలు సరిగా రాని కూతురు. మంచి ఎండాకాలం. బండి తీసినప్పుడు చల్లగానే ఉంటాది, కొంచెం దూరం పోతూనే వేడిగాలి కొడతాందన్నాడు.

గేజి పెట్టి చూసినా. గ్యాసు బాగా తగ్గిపోయింది. కంప్రెసర్ మూతి దగ్గర నూనె కారి, దానిమీద దుమ్ము మందంగా పట్టింది. గ్యాసు బయటికి పోకుండా ఆపే సీలు పోయింది. మిగిలిన గ్యాసు తీసేసి, బ్యాటరీ వైరు విప్పి, కంప్రెసర్ ఊడదీసి బల్లమీద పెట్టినా.

ఈడ ఒక మాట చెప్పాల. కంప్రెసర్ తిరిగితేనే కారు లోపలుండే కాయిలు చల్లబడతాది. కాయిలు చల్లబడితేనే గాలిలో తేమ నీళ్లయి, సన్నపైపు గుండా కారు కిందికి కారుతాది. కంప్రెసర్ లేకుంటే చల్లదనమూ లేదు, నీళ్లూ లేవు.

"శెట్టిగారూ, ఈ సీలు ఈడ దొరకదు," అంటే, "అనంతపురం పోయి నేనే తెస్తాలేప్పా," అని ఆయన బస్సెక్కినాడు. తాళంచెవి ఆయన జేబులోనే పోయింది.

సుజాతమ్మ బిడ్డను తీసుకోని పక్కనుండే టీ హోటల్లో ఫ్యాను కింద కూర్చున్నింది. బిడ్డ బెంచీమీద నిద్రపోతే ఆయమ్మకూ కన్ను మూతబడినట్టుంది. నేను బల్లకాడ కంప్రెసర్ విప్పుకుంటా ఉంటే కేక వినపడింది.

"అన్నా, పాప లేదన్నా! ఈడే పండుకోని ఉండె!"

హోటల్లో ఉన్నోళ్లతో పాటు నేనూ లేచి ఉరికినా. రోడ్డుమీద లారీలు పోతానే ఉండాయి. కొందరు బస్టాండు వైపు ఉరికినారు. నేను పోతా పోతా కారు డోర్లు లాగి చూసినా. అన్నిటికీ లాకు పడింది. శెట్టి వేసిపోయినాడు అనుకున్నా. అద్దాలకు నల్లఫిల్ము, ముందు బానెట్ ఎత్తిపెట్టి ఉంది. లోపల ఏముందో కనపడదు.

అప్పుడు హోటలాయన ఒక మాటన్నాడు. "వెనక బోరుగుంత సూసినారా?"

హోటలు వెనక నీళ్లు పడని బోరు ఒకటుండేది. దాని మీది బండ పక్కకు జరిగి ఉంది. ఎప్పుడు జరిగిందో ఎవరికీ తెలీదు. సుజాతమ్మ నేలమీద పడి ఆ గుంతలోకి బిడ్డను పేరుపెట్టి పిలుస్తాంది. లోపలంతా చీకటి. టార్చి తెస్తానని షెడ్డుకు పరిగెత్తినా.

టార్చి తీసుకోని తిరుగుతూనే కారు కింద చూసినా. నేల తడిసి ఉంది. సన్నపైపు కొనన నీటిబొట్టు. అది పడింది. ఇంకొకటి వచ్చింది.

కంప్రెసర్ ముక్కలు ముక్కలుగా బల్లమీద ఉండాది. వంగి ఆ నీళ్లు ముట్టుకున్నా. చల్లగా ఉండాయి. వెనకడోరు అద్దంమీద చెయ్యి పెట్టినా. కారు వెనక సగం ఎండలో ఉంది, రేకు ముడితే చెయ్యి కాలుతాంది. అద్దం మాత్రం కుండలాగా చల్లగా ఉంది.

స్పానర్ తీసుకోని ముందుడోరు అద్దం పగలగొట్టినా. లోపల్నుంచి నా మొగంమీదికి కొట్టిన చల్లగాలి ఇప్పటికీ గుర్తుంది.

బిడ్డ వెనకసీట్లో ముడుచుకోని నిద్రపోతాంది. అమ్మ తువ్వాలు కప్పుకోని ఉంది. చేతులు, కాళ్లు చల్లగా ఉండాయి. ఎత్తుకుంటే చలికి వణికినట్టు వణికి, నా మెడ పట్టుకునింది.

తర్వాత తెలిసింది. బిడ్డ సంచి లోపలుందని శెట్టి వెనకడోరు ఒకటి లాకు వేయకుండా పోయినాడు. బిడ్డ ఎక్కి, డోరు లాక్కోని, లాకు నొక్కేసుకునింది. ఆ ఎండలో, అద్దాలు మూసిన కారులో, అంతసేపు. డాక్టరు చూసి, వడదెబ్బ గుర్తులేమీ లేవు, కొంచెం జలుబు చేసినట్టుంది అన్నాడు. లోపల ఏసీ వేసి ఉంచినారా అని అడిగినాడు.

నేను షెడ్డుకొచ్చి అన్నీ మళ్లా చూసినా. బ్యాటరీ వైరు నేను విప్పినట్టే ఉంది. గ్యాసు పైపులు నోళ్లు తెరుచుకోని ఉండాయి. రేడియేటర్ నీళ్లేమో అనుకున్నా. దాంట్లో పచ్చరంగు మందు కలిపి ఉంది, కింద పడినవి తేట నీళ్లు. వేడిగాలి కొడతాదని శెట్టి పొద్దున్నుంచి ఏసీ వేసిందే లేదు, ముందటి నీళ్లు నిలిచి కారే దారీ లేదు. సాయంత్రం శెట్టి తెచ్చిన సీలు వేసి, గ్యాసు నింపినా. బండి అన్ని బండ్ల మాదిరే పనిచేసింది.

చల్లటి వస్తువు ఏదన్నా లోపలుందేమో అని సీట్ల కింద గూడా చేయిపెట్టి వెతికినా. బిడ్డ పాలసీసా తప్ప ఏమీ దొరకలేదు. ఆ పాలు గూడా చల్లగా ఉండె.

నాకంటే పెద్ద మెకానిక్కులను అడిగినా. కొందరు నవ్వినారు. ఒకాయన మాత్రం, "నువ్వు కంప్రెసర్ విప్పింది ఆ బండిదేనా?" అన్నాడు. ఆ రోజు నా షెడ్డులో ఉండింది ఆ ఒక్క బండే.

సుజాతమ్మ కొన్నేండ్ల తర్వాత బజార్లో కనపడింది. పక్కన ఆ బిడ్డ, బడికి పోయే ఎత్తుకు పెరిగింది. "ఈ అన్ననే నీకోసం ఆ పొద్దు ఏసీ ఆపకుండా పెట్టినాడు," అని బిడ్డకు చెప్పింది. బిడ్డ నాకు దండం పెట్టింది.

కాదమ్మా అని నోటిదాకా వచ్చింది. మరి ఎవరు పెట్టినారని అడిగితే ఏం చెప్పాల? ఊరికే బిడ్డ తల నిమిరి వచ్చేసినా.