ఎత్తని ఫోను కూడా పని చేసినట్టే

నా మరిది తిప్పేస్వామి పోయి నెల దాటింది. ఈ పత్రిక వాళ్ళు ఆ వారంలోనే నన్ను రాయమని అడిగారు. రాయలేకపోయాను. దుఃఖం వల్ల అంటే అది సగమే నిజం. నాకు అక్షరాలు యాభై ఏళ్ళు దాటాక వచ్చాయి. ఒక పేజీ నింపాలంటే ఒక పూట పడుతుంది. నాకున్న పూటలన్నీ మొన్నటిదాకా మా ఊరి సెల్ టవరుకే పోయాయి. బహిరంగ విచారణ తర్వాత మా వాదన రాతలో పంపమని గడువు పెట్టారు. పోయినవాడి గురించి ఆలస్యంగా రాస్తే అతనేమీ అనుకోడు. గడువు దాటితే మాత్రం కంపెనీ సంతోషిస్తుంది. అందుకని ముందు అది రాసి పంపాను. ఇప్పుడు ఇది రాస్తున్నాను.

మీకు ఆయన డాక్టర్ తిప్పేస్వామి గారు, ఆర్థిక శాస్త్రవేత్త. ఫోన్లు, టీవీల ధరలనూ నియమాలనూ చూసే ప్రభుత్వ సంస్థలో ఏళ్ళ తరబడి పెద్ద ఉద్యోగం చేసినవాడు. నాకు మాత్రం నేను కాపురానికి వచ్చేనాటికి పలక పట్టుకుని తిరిగే పిల్లవాడు. ఏకవచనంలోనే రాస్తాను, మన్నించండి. భార్య పోయాక, ఉద్యోగం ముగిశాక కంబదూరు దగ్గరి మా ఊరికే తిరిగి వచ్చి, మా గొర్రెల దొడ్డి పక్కన గది వేసుకుని ఉన్నాడు. ఆ పొద్దున రాగి సంకటి తింటూ ఛాతీ పట్టుకున్నాడు. కళ్యాణదుర్గం ఆసుపత్రి గేటు దాటకముందే చల్లబడ్డాడు. నా ఒడిలోనే ఉన్నాడు. మరుసటి రోజు అనంతపురంలో విచారణ. మా ఊరి గుట్ట మీది టవరును ఎవరూ వాడటం లేదనీ, పీకేస్తామనీ కంపెనీ పెట్టుకున్న అర్జీ మీద అతను మా తరఫున మాట్లాడాల్సిన రోజు అది.

పత్రికల్లో అతన్ని సౌమ్యుడన్నారు, మృదుభాషి అన్నారు. ఎవరిని గురించి రాశారో నాకు తెలియదు. మా తిప్పేస్వామి మొండివాడు. ఢిల్లీలో ఒక పెద్ద సభలో, కంపెనీలు డబ్బు పోసి కొనుక్కున్న, గాలిలో పోయే ఫోను తరంగాల మీద ప్రభుత్వానికి ఇంకేం పని అని ఎవరో అడిగారట. "మా జిల్లాలో భూమి కౌలుకిస్తారు. కౌలుదారు పంట తీసుకుంటాడు గానీ బాట మూసెయ్యడు. గాలి ఊరందరి సొత్తు. మీకు కౌలుకిచ్చినాం, అమ్మలేదు" అన్నాడట. ఆ మాట తర్వాత అతనికి రావాల్సిన పదవి ఒకటి రాలేదు. ఇంటికొచ్చి ఆ సంగతి చెప్పినప్పుడు, నోరు మూసుకుని ఉంటే పోయేది కదప్పా అన్నాను. "నోరు మూసుకునేదానికైతే అంత చదువు ఎందుకు వదినా, గొర్రెలు కాసుకుంటా ఈడనే ఉండేటోన్ని కదా" అన్నాడు. గొర్రెలు కాసే వాళ్ళం నోరు మూసుకుని ఉంటామా అని మా ఆయన ఆ పూటంతా తమ్ముడితో మాట్లాడలేదు.

టీవీ ఛానెళ్ళను గంపగుత్తగా అంటగట్టి డబ్బు లాగే పద్ధతి మీద కూడా అతను పోట్లాడాడు. ఆ గొడవ ఏమిటో నాకు అర్థమయ్యేలా చెప్పమంటే, సంతలో మనం ఒక మంచి పొట్టేలు అడిగితే దాని తాడుకే మూడు ముసలి గొర్రెలు కట్టి, అన్నీ కలిపితేనే బేరం అన్నట్టు అన్నాడు. అట్లాంటివాణ్ణి సంతలో నిలబెట్టి తిడతారు కదా అన్నాను. "నేను ఆ తిట్లే ఇంగ్లీషులో రాస్తాను వదినా, దానికే జీతం" అన్నాడు.

అతను అంత పెద్ద ఉద్యోగంలో ఉండగా మా ఊళ్ళో సిగ్నల్ లేదు. గుట్ట ఎక్కితే గానీ ఫోను పలికేది కాదు. మా దాయాది గోవిందప్ప, వరసకు అతనికి చిన్నాయన, నలుగురిలో మొహం మీదే అడిగాడు. "ఊరికి ఒక టవరు తేలేనోడివి నువ్వేం ఆఫీసరప్పా?" తిప్పేస్వామి తల దించుకోలేదు. తన మాటతో మన ఊరికి వస్తే, ఆఫీసరు పుట్టని పక్క ఊరికి ఎవరు తెస్తారని అడిగాడు. ఆ తర్వాత, లాభం రాదని కంపెనీలు వదిలేసిన పల్లెలన్నిటికీ టవర్లు వెయ్యాలని అతను పట్టుబట్టి రాయించిన సిఫారసు కిందే మా ఊరికీ ఒకటి వచ్చింది. మిగతా పల్లెలతో పాటే, వరసలోనే.

టవరు వచ్చాక జరిగిన ఒక పొరపాటు గురించి చెప్పాలి. ఇప్పుడు నడుస్తున్న వాదనంతా దాని మీదే నిలబడింది.

ఎండలు ముదిరితే మా ఆయన హనుమంతప్ప మంద తోలుకుని కర్ణాటక వైపు కాలువ కింది పొలాలకు పోతాడు. నెలల తరబడి రాడు. మందతో పోయిన ప్రతి ఇంట్లోనూ ఒక కట్టుబాటు ఉంది. సాయంత్రం అక్కడి నుంచి ఒకసారి ఫోను మోగిస్తారు. మనం ఎత్తకూడదు. ఒకసారి మోగి ఆగితే మనిషీ మందా క్షేమం. వెంటనే రెండోసారి మోగితే కీడు, ఎవరో ఒకరు బయలుదేరాలి. నాకప్పుడు అంకెలు కూడా రావు. ఎవరు మోగించేదీ తెలియదు. ఒక సాయంత్రం ఫోను మోగి ఆగింది. అంతలోనే మళ్ళీ మోగింది. గోవిందప్ప కాళ్ళావేళ్ళా పడి, మోటారు సైకిలు మీద సరిహద్దు దాటించి పంపాను. అక్కడ మా ఆయన నింపాదిగా ముద్ద తింటున్నాడట. గోవిందప్పను చూసి "ఇంట్లో ఎవరు పోయినారు చిన్నాయనా?" అని అతనే ఏడుపు ఎత్తుకున్నాడట. తేలిందేమిటంటే, ఆ రెండు మోతల్లో మొదటిది ఢిల్లీ నుంచి మా తిప్పేస్వామిది.

మరుసటి రోజు మళ్ళీ చేశాడు. ఈసారి పగటిపూట కాబట్టి ఎత్తాను.

"ఏమి వదినా, నిన్న ఫోను ఎత్తనే లేదు?"

"ఎత్తేదానికి ఏముండాదప్పా? మోగింది, మీ అన్న బాగుండాడు అనుకుంటి. మళ్ళా మోగింది, మీ అన్న పోయినాడు అనుకుంటి. నీ పుణ్యాన గోవిందప్ప నడుము విరిగి మంచమెక్కినాడు."

చాలాసేపు నవ్వాడు. ఆ తర్వాత, "వదినా, ఇట్ల మోగించుకునేటోళ్ళు ఎంతమంది ఉండారు మన పక్క?" అని అడిగాడు. మందతో పోయే ప్రతి ఇల్లూ అంతేనన్నాను. "ఈ మోత ఏ కంపెనీ లెక్కలోనూ లేదు. ఎత్తని ఫోను కూడా పని చేసినట్టే కదా" అన్నాడు. తర్వాత అతను రాసిన ప్రతి నివేదికలోనూ ఆ మాట ఏదో ఒక రూపంలో ఉందని అతనితో పనిచేసినవాళ్ళు నాకు చెప్పారు. మా ఊరి టవరును ఎవరూ వాడటం లేదని కంపెనీ అంటున్నది సరిగ్గా ఈ మోతలను వదిలేసే. ఆ టవరు పడిపోతే, మందతో పోయిన మగవాళ్ళు ఉన్నారో లేరో తెలియకుండా మేము వేసవి గడపాలి.

నాకు చదువు వచ్చిందీ అతని వల్లే. కంపెనీ మొదటిసారి అర్జీ పెట్టినప్పుడు మా ఆడవాళ్ళం ఒక అభ్యంతరం ఎవరితోనో రాయించి వేలిముద్రలు వేశాం. కంపెనీ మనిషి విచారణలో దాన్ని ఎత్తి చూపి, ఇది ఎవరో రాసిచ్చినది, వీళ్ళకు ఇందులో ఏముందో తెలియదన్నాడు. తిప్పేస్వామి నా వైపు తిరిగి, "వదినా, వాడు అనింది తప్పు. కానీ ఇంకోసారి అనేదానికి సందు ఇయ్యొద్దు" అన్నాడు. బడిలో సాయంత్రాలు పెద్దవాళ్ళకు చెప్పే పంతులమ్మ దగ్గరికి ఆ వారమే వెళ్ళాను. ఈసారి విచారణలో అతని తర్వాత నేను చదవాలని, నా కాగితం నేనే రాసుకున్నాను. అతను ఒక్క అక్షరం దిద్దలేదు. దిద్దితే అది తనది అవుతుందన్నాడు.

అతను పోవడం తీరని లోటని అందరూ అంటున్నారు. నేనూ ఒప్పుకుంటాను. కంపెనీ వాళ్ళ భాషలో కంపెనీతోనూ, మా భాషలో మాతోనూ మాట్లాడగల మనిషి మళ్ళీ మా పల్లెలో పుడతాడని నేను నమ్మను. దొడ్డి పక్కన ఆ గది తలుపు తీయడానికి నాకింకా చేతులు రావడం లేదు. అయితే ఆ లోటును చూపించి మా నోరు మూయించాలనుకునే వాళ్ళ మాటకు మాత్రం నేను ఒప్పుకోను. తీర్పు ఇంకా రాలేదు. టవరు ఇంకా నిలబడే ఉంది.

అతను పోయిన రోజు సాయంత్రమే మా చేనిలో పూడ్చాం. తెల్లవారి నేను తలస్నానం చేసి, చీర మార్చుకుని బస్సుకు బయలుదేరాను. గోవిందప్ప గడపకు అడ్డంగా నిలబడ్డాడు. మైల పట్టిన ఇంటి నుంచి, మూడో దినం కాకుండా ఆడమనిషి ఊరు దాటుతుందా అని అడిగాడు. మా ఆయన అరుగు మీద గుండు చేయించుకున్న తలతో కూర్చుని ఉన్నాడు. నేను అతని వైపు చూడలేదు. అతనే మాట్లాడాడు.

"పోనీ చిన్నాయనా. మైల పడితే నాకు పడనీ."

అనంతపురంలో హాలు నిండా జనం. వేదిక మీది పెద్ద అధికారికి తిప్పేస్వామి బాగా తెలుసట. డాక్టర్ తిప్పేస్వామి గారు నిన్న మరణించారనీ, వారి కుటుంబం శోకంలో ఉన్నందున ఆ ఊరి వాదన లేనట్టుగా నమోదు చేస్తామనీ, వారి గౌరవార్థం రెండు నిమిషాలు మౌనం పాటిద్దామనీ అన్నాడు. అందరూ లేచారు. కంపెనీ మనిషి కూడా లేచి తల వంచుకున్నాడు.

నేను నడిచి మైకు దగ్గరికి పోయాను.

"నేను ఆయన వదినను సార్. మౌనం తర్వాత పాటిద్దాం. ముందు మా ఊరి మాట వినండి."

అధికారి కంపెనీ మనిషి వైపు చూశాడు, నా వైపు చూశాడు, కూర్చున్నాడు. కుర్చీల చప్పుడు సద్దుమణిగేదాకా ఆగి, నా కాగితం తీసి, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చివరి దాకా చదివాను.